అత్తయ్య గుండె చుట్టూ నీరు తీశారు, నీళ్లు తాగడం తగ్గించాలా?

పర్లాకిమిడి కోడలు:
మా అత్తయ్యకి 58. దసరా వెళ్లినప్పటి నుంచి ఆయాసం. వెల్లకిలా పడుకోలేరు. ఒళ్లో దిండు పెట్టుకుని ముందుకు వాలితేనే కాస్త కునుకు. ఇక్కడ ఉబ్బసం అనుకుని రెండు నెలలు మందు పీల్పించారు. పాదాలు వాచి, మెడ నరాలు ఉబ్బి, పై బీపీ 80కి పడిపోయాక బరంపురం తీసుకెళ్లాం. ఎకో (గుండె స్కానింగ్) తీస్తూనే గుండె చుట్టూ నీరన్నారు. ఆ రాత్రే రొమ్ము ఎముక కింద నుంచి సూది దించి 700 మి.లీ. తీశారు, ఎర్రటి నీరు. టీబీ అని తేల్చి 6 నెలల మందులిచ్చారు. మళ్లీ నీరు చేరుతుందని ఇంట్లో రోజుకి రెండు గ్లాసులే ఇస్తున్నారు. ఆవిడ పెదాలు పగిలిపోయాయి. చూడలేకపోతున్నాను.

రాయగడ అక్క:
చెల్లెమ్మా, అది తాగిన నీరు కాదు. గుండెకి రెండు పొరల సంచి ఉంటుంది. ఆ పొరల నడుమ రాపిడి లేకుండా 15–50 మి.లీ. నీరు అందరికీ ఉండేదే. టీబీ ఆ పొరకి సోకితే, పుండు రసి కారినట్టు నీరు ఊరుతుంది. మెల్లగా ఊరితే సంచి సాగుతుంది, మా ఆయనకి లీటరు చేరేదాకా తెలియలేదు. అదే దెబ్బ తగిలి రక్తం ఒక్కసారిగా చేరితే 200 మి.లీ.కే ప్రాణం మీదికొస్తుంది, గుండె నిండడానికి చోటుండదు.
మందులు మాత్రం ఒక్క పూటా మానొద్దు. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్‌కి మూత్రం నారింజ రంగులో వస్తుంది. అది చూసి రక్తమనుకుని మా ఆయన మానేశారు. తర్వాత ఆ పొర గట్టిపడి గుండెని బిగించేస్తే, విశాఖలో ఆపరేషన్ చేసి తీయించాం. ఆ కష్టం మీకొద్దు.

ఇచ్ఛాపురం అబ్బాయి:
అక్కా, మా నాన్నగారికీ ఇలాగే చేరింది. టీబీ కాదు, కిడ్నీలు పాడై. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి మీకు తెలిసిందే. డయాలసిస్ మీదున్నారు కాబట్టి ఆయనకి నీళ్లు కొలిచే ఇస్తాం. మీవాళ్లు అలాంటి వాళ్లని చూసి భయపడ్డారేమో. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూశారా? థైరాయిడ్ బాగా తగ్గినా, కేన్సరున్నా కూడా నీరు చేరుతుందట. డాక్టరుగారిని ఒక్కమాట అడగండి.

పర్లాకిమిడి కోడలు:
క్రియాటినిన్ 0.9, మామూలుగానే ఉంది తమ్ముడూ. ఫోన్ చేసి అడిగాను, దాహమేస్తే తాగనివ్వమన్నారు. ఇందాకే చెంబు నిండా ఇచ్చాను, ఆపకుండా తాగేశారు. సోమవారం మళ్లీ ఎకో ఉంది.