ఎయిర్ డెక్కన్‌ని ముంచింది రూపాయి టికెట్లేనా?

కిటికీ_సీటు:
మన దేశంలో తొలి చవక విమాన సంస్థ ఎయిర్ డెక్కన్ పెట్టిన కెప్టెన్ గోపీనాథ్ కథ ఆధారంగా తీసిన 'ఆకాశం నీ హద్దురా' సినిమా చూసినప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే వాదన. "రూపాయికి టికెట్ అమ్మితే మునగక ఇంకేమవుతుంది" అంటాడు మా బావ. అదొక్కటే కారణమంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు, ఇండిగో కూడా తక్కువ రేట్లతోనే మొదలై ఇప్పుడు దేశంలో అన్నిటికంటే పెద్దదై కూర్చుంది కదా. 2003లో మొదలైన కంపెనీ 2008కల్లా పేరు కూడా లేకుండా ఎలా పోయింది? తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_బాబాయ్:
రూపాయి టికెట్ పబ్లిసిటీ కోసమండీ. ఫ్లైట్ మొత్తంలో ఏవో కొన్ని సీట్లు, అదీ బాగా ముందే బుక్ చేసుకున్నవాళ్లకి, పైన పన్నులు వేరే. ప్రయాణం రోజు దగ్గరపడేకొద్దీ రేటు పెరిగేది. ఇవాళ అందరూ చేస్తున్నదదే. పెట్రోల్ బంకుల్లో కూడా టికెట్లు అమ్మారు, లోపల మంచినీళ్లు కూడా కొనుక్కోవాల్సిందే, సీటు నంబర్లు ఉండేవి కావు కాబట్టి గేటు తీయగానే జనం పల్లెవెలుగు బస్సులో కర్చీఫ్ వేసినట్టు పరుగో పరుగు!

మనవాళ్లలో చాలామందికి గుర్తుండకపోవచ్చు, 2003 సెప్టెంబరులో బేగంపేట నుంచి గన్నవరానికి తొలి సర్వీసు బయల్దేరబోతుంటే, గాల్లోకి లేవకముందే ఇంజిన్‌లో మంటలొచ్చాయి. లోపల ఎవరనుకున్నారు, వెంకయ్యనాయుడు గారు, పైగా అప్పటి విమానయాన మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. మొదట్లోనే అంత పరువు పోయినా కంపెనీ నిలదొక్కుకుంది, అందుకే గోపీనాథ్ అంటే నాకు గౌరవం.

రన్‌వే_09:
బాబాయ్ గారు చెప్పింది కరెక్టే, కాకపోతే అసలు తేడా విమానాల దగ్గరొచ్చింది. మొదట నడిపినవి 48 సీట్ల ఏటీఆర్‌లు, అంటే రెక్కలకి ఫ్యాన్లు తిరిగే చిన్న విమానాలు. 80 సీట్ల లోపు విమానాలకి ల్యాండింగ్ ఛార్జీలు ఎత్తేశారు, ఇంధనం మీద అమ్మకం పన్ను కూడా వాటికి 4 శాతమే, అదే జెట్లకైతే చాలా రాష్ట్రాల్లో 20 శాతం పైమాటే. హుబ్లీ, గన్నవరం లాంటి చోట్లకి పోటీ కూడా పెద్దగా లేదు. ఆ లెక్క బాగానే నడిచేది. 2004 నుంచి ఎయిర్‌బస్ ఏ320 పెద్ద జెట్లు తెచ్చి ఢిల్లీ, ముంబై రూట్లలో పెద్దవాళ్లతో తలపడ్డారు, దాంతో పైలట్లు, ఇంజినీర్లు, స్పేర్ పార్టులు అన్నీ రెండు సెట్లు. నాలుగేళ్లలో 40కి పైగా విమానాలు, 60కి పైగా ఊళ్లు అంటే ఆ విస్తరణకి తగ్గ డబ్బు చేతిలో ఉండాలి కదా. 2006లో ఐపీఓకి (జనానికి తొలిసారి షేర్లు అమ్మడానికి) వెళ్తే మార్కెట్ పడిపోయి ఉంది, ధర తగ్గించుకుని గట్టెక్కినా లిస్టింగ్ రోజే షేరు ఇష్యూ ధర కంటే కిందకి జారింది. ఇండిగో 2005లోనే ఒకే రకం ఏ320లు వంద ఆర్డర్ పెట్టి, వచ్చినవాటిని అమ్మి మళ్లీ లీజుకి తీసుకుంటూ చేతిలో నగదు ఉంచుకుంది. టికెట్ రేటు ఇద్దరిదీ తక్కువే, మీ బావకి ఇది చెప్పండి.

కిటికీ_సీటు:
థాంక్స్ అండీ. మరి కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ ఓనరు విజయ్ మాల్యా డెక్కన్‌ని ఎందుకు కొన్నట్టు? నష్టాల కంపెనీ అని తెలిసి కూడా?

రన్‌వే_09:
విదేశాలకి ఎగరాలంటే దేశంలో ఐదేళ్లు నడిపి ఉండాలని అప్పటి రూల్. కింగ్‌ఫిషర్ మొదలైంది 2005లో, డెక్కన్‌కి 2008 ఆగస్టుతో ఐదేళ్లు నిండుతాయి. 2007లో 26 శాతం వాటా 550 కోట్లకి తీసుకున్నారు, 2008లో రెండూ కలిశాయి, సెప్టెంబరుకల్లా బెంగళూరు నుంచి లండన్‌కి ఫ్లైట్ వేసేశారు. విమానాలు, రూట్లు కూడా వచ్చాయనుకోండి, కానీ తొందరంతా ఆ లైసెన్సు కోసమే అని నా అభిప్రాయం. డెక్కన్‌ని కింగ్‌ఫిషర్ రెడ్ అని మార్చి, భోజనం పెట్టి, రేటు పెంచారు. చవక అని వచ్చిన జనం ఇండిగోకో స్పైస్‌జెట్‌కో పోయారు. అదే ఏడాది జులైలో ముడిచమురు బ్యారెల్ 147 డాలర్లు దాటింది. 2011లో రెడ్‌ని ఆపేస్తున్నట్టు ప్రకటించారు, 2012 అక్టోబరుకి కింగ్‌ఫిషర్ మొత్తమే నేలకి దిగింది.

బెజవాడ_బాబాయ్:
అంతా మాల్యా నెత్తిన వేస్తే నేనొప్పుకోను. అమ్మింది గోపీనాథే కదా, మెడ మీద కత్తి పెట్టి ఎవరూ రాయించుకోలేదు. అమ్మేనాటికే నష్టాల్లో ఉంది, ఆలస్యాలు, క్యాన్సిల్ అవడాలు రోజూ పేపర్లో వచ్చేవి.

రన్‌వే_09:
అది నిజమే బాబాయ్ గారూ, కాదనను. చిన్న ఊళ్లకి విమానాలు నడపడానికి కేంద్రం పెట్టిన ఉడాన్ పథకంలో ఎయిర్ డెక్కన్ పేరుతోనే గోపీనాథ్ 2017 డిసెంబరులో మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి 18 సీట్ల బుల్లి విమానాలతో. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ దెబ్బకి అదీ ఆగిపోయింది.