వేడెక్కితే ఆగిపోతున్న ఇంజన్: ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) నిజంగానే పోయిందా? ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

గోదావరి_గట్టు

నాది 2012 నాటి పెట్రోలు కారు. లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. ఏప్రిల్ నుంచి ఒకే రకంగా ఇబ్బంది పెడుతోంది. ఉదయం పూట రాజమండ్రిలో ఎంత తిప్పినా ఏమీ కాదు. మధ్యాహ్నపు ఎండలో పాతిక కిలోమీటర్లు నడిచేసరికి మాత్రం ఎవరో తాళం తిప్పేసినట్టు ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. మళ్లీ తాళం తిప్పితే సెల్ఫ్ మామూలుగానే తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. బానెట్ ఎత్తి ముప్పావు గంట చెట్టు నీడన ఉంచితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది.

ఇటీవల ఆగిపోయినప్పుడు రెండు విషయాలు గమనించాను. ఆ స్థితిలో తాళం తిప్పితే మీటరులో చెక్ ఇంజన్ దీపం వెలగడం లేదు. వెనక సీటు కింద పెట్రోలు పంపు రెండు సెకన్ల పాటు చేసే జుయ్యిమనే చప్పుడు కూడా రావడం లేదు. చల్లారాక రెండూ వస్తున్నాయి. షెడ్డులో స్కానర్ పెట్టినప్పుడు బండి చల్లగా ఉంది కాబట్టి ఇంజన్ కంప్యూటర్‌లో ఏ కోడూ కనిపించలేదు. బ్రేకులను చూసుకునే ఏబీఎస్ యూనిట్‌లో మాత్రం యూ0100, అంటే ఇంజన్ కంప్యూటర్‌తో సంబంధం తెగిందనే కోడ్, నమోదై ఉంది. మెకానిక్ గారు ఈసీయూ పోయిందని, కొత్తది ప్రోగ్రామింగ్‌తో కలిపి 42,000 రూపాయలవుతుందని చెప్పారు. నాకు మల్టీమీటర్ వాడటం, టంకం వేయడం వచ్చు, బండి వైరింగ్ పటం కూడా సంపాదించాను. అంత డబ్బు పెట్టే ముందు ఇంట్లో ఏయే పరీక్షలు చేసుకోవచ్చో తెలిసినవారు చెప్పగలరు.

వైరింగ్_పంతులు

మీరు గమనించిన ఆ రెండు గుర్తులే సగం పని చేసిపెట్టాయి. వేడికి ఆగి, చల్లారితే స్టార్టయ్యే బండ్లలో చాలాసార్లు దోషి, ఇంజన్ తిరుగుతున్న సంగతిని ఈసీయూకు చెప్పే క్రాంక్ సెన్సర్. అయితే క్రాంక్ సెన్సర్ పోయినంత మాత్రాన చెక్ ఇంజన్ దీపం వెలగడం మానదు, తాళం తిప్పగానే పంపు మోగడమూ మానదు. రెండూ ఒకేసారి పోయాయంటే ఈసీయూ మేలుకోవడం లేదన్నమాట. దానికి కరెంటు అందడం లేదా, అందినా లేవలేకపోతోందా అన్నది తేల్చాలి. మొదటిదే అయితే మీ సమస్య ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఖరీదుతో తీరిపోవచ్చు.

ఈసీయూకు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే ప్లస్ ఒకటి, తాళం తిప్పాక మెయిన్ రిలే ద్వారా వచ్చే ప్లస్ ఒకటి, వాటితో పాటు రెండు మూడు ఎర్త్ తీగలు ఉంటాయి. పటంలో ఆ పిన్నులను గుర్తుపెట్టుకోండి. ఇక్కడ మల్టీమీటర్‌ను మాత్రం నమ్మకండి. ఎలుక కొరికి ఒక్క పోగు మిగిలిన తీగ మీద కూడా అది 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు శూన్యం. ఇండికేటర్‌లో వేసే 21 వాట్ల బల్బుకు రెండు తీగలు టంకం వేసి, బ్యాటరీ మైనస్ తీశాక ఈసీయూ కనెక్టర్ ఊడదీసి, మైనస్ మళ్లీ పెట్టి, ఒక కొసను ప్లస్ పిన్నుకు, రెండో కొసను ఎర్త్ పిన్నుకు తాకించండి. బల్బు దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది కాబట్టి తీగలోని బలహీనత దాచుకోలేదు: కాంతి మందగిస్తుంది. మీటరు ప్రోబును కనెక్టర్ గడిలోకి దూర్చకండి. అక్కడి పిన్ను ఒకసారి వెడల్పయిందంటే ఈ జబ్బుకు తోడు ఇంకొకటి తెచ్చుకున్నవారవుతారు. గుండుసూదంత సన్నని మొన సరిపోతుంది.

కొన్ని బండ్లలో మెయిన్ రిలేను ఈసీయూయే లాగుతుంది. మీదీ అదే రకమైతే కనెక్టర్ తీసినప్పుడు రిలే కలవదు, కరెంటు రాదు. అప్పుడు రిలే తీసి, దాని సాకెట్‌లో 30, 87 నంబర్ల గడులను ఫ్యూజు ఉన్న తీగతో కలిపి పరీక్షించండి. రిలే లోపలి టంకం పగిలి వేడికి విడిపోవడం కూడా మామూలే కాబట్టి, అదే నంబరున్న హార్న్ రిలేను దాని స్థానంలో పెట్టి ఒక మధ్యాహ్నం తిప్పి చూడండి.

ఎర్త్ కోసం మీటరును బ్యాటరీ మైనస్‌కూ ఈసీయూ ఎర్త్ పిన్నుకూ మధ్య పెట్టి, కనెక్టర్ తగిలించే ఉంచి, సెల్ఫ్ కొట్టించండి. 0.1 వోల్టుకు మించి చూపిస్తే ఎర్త్ బోల్టు విప్పి తుప్పు గీకాలి.

చివరిది, చాలామంది మరిచిపోయేది: సెన్సర్లకు ఈసీయూ పంపే 5 వోల్టుల సరఫరా. ఒక్క సెన్సర్ లోపల షార్టయినా ఆ సరఫరా మొత్తం పడిపోయి, ఈసీయూ చచ్చినట్టే కనిపించవచ్చు. థ్రాటిల్ సెన్సర్ దగ్గర 5 వోల్టులు లేకపోతే సెన్సర్ల ప్లగ్గులు ఒక్కొక్కటే ఊడదీస్తూ రండి. ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగొస్తే అదే దొంగ. ఈ పరీక్షలన్నీ బండి మొరాయించిన ఆ ముప్పావు గంటలోనే చేయాలి. చల్లగా ఉన్నప్పుడు చేస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి.

పాత_బండి_ప్రేమికుడు

పంతులు గారు చెప్పిన పరీక్షలన్నీ అయ్యాక ఈసీయూయే దోషి అని తేలితే, సెకండ్ హ్యాండ్‌ది కొనే ముందు ఒక మాట. మీ బండికి ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో ఇంజన్ లేవకుండా చేసే ఏర్పాటు) ఉంటే, తాళంలోని చిప్పును ఈసీయూ గుర్తుపట్టాలి. వేరే బండిది తెచ్చి తగిలిస్తే ఇంజన్ ఒకటి రెండు సెకన్లు అందుకుని ఆగుతుంది, లేదా అసలు అందుకోదు. ఆ గుర్తింపు సమాచారం చాలా ఈసీయూలలో ఎనిమిది కాళ్ల చిన్న ఈఈప్రామ్ (కరెంటు లేకున్నా సమాచారం నిలిపి ఉంచే) చిప్పులో, కొన్నింటిలో ప్రాసెసర్ లోపలే ఉంటుంది. ఈసీయూ మరమ్మతు చేసేవారు మీ పాతదానిలోంచి దాన్ని చదివి రెండోదానిలోకి ఎక్కిస్తారు. మీది చల్లగా ఉన్నప్పుడు ఇంకా పనిచేస్తోంది కాబట్టి, కొన ఊపిరి ఉండగానే ఆ సమాచారం చదివించి దాచుకోండి. పూర్తిగా పోయాక చదవడం కష్టమవుతుంది, కొన్నిసార్లు కుదరదు.

స్టిక్కరు మీద హార్డ్‌వేర్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు రెండూ అక్షరం తప్పకుండా కలవాలి. "అదే మోడలండీ, పనిచేస్తుంది" అనే మాట వినకండి. కొత్తది బిగించే ముందు ఇగ్నిషన్ కాయిళ్లు, ఇంజెక్టర్ల నిరోధం కొలవండి. మీలాంటి పెట్రోలు బండ్లలో ఇంజెక్టరు సాధారణంగా 12 నుంచి 16 ఓములు చూపాలి. షార్టయిన కాయిల్ పాతదాన్ని కాల్చి ఉంటే కొత్తదాన్నీ కాలుస్తుంది. ఇది చదివే డీజిల్ వారికి అదనపు పని ఉంది: కామన్ రైల్ ఇంజన్లలో ఇంజెక్టర్ల మీద ముద్రించిన కోడ్లను కూడా కొత్త ఈసీయూలో నమోదు చేయాలి.

గోదావరి_గట్టు

నిన్న మధ్యాహ్నం ధవళేశ్వరం దాటాక బండి ఆగింది. ఈసారి సామానంతా వెంట ఉంది. బల్బు రెండు ప్లస్ తీగల మీదా నిండుగా వెలిగింది. ఎర్త్ దగ్గర సెల్ఫ్ తిరుగుతుండగా 0.03 వోల్టు మాత్రమే వచ్చింది. హార్న్ రిలే పెట్టి చూసినా మార్పు లేదు. థ్రాటిల్ దగ్గర 5 వోల్టుల చోట సున్నా. ఇంజన్ వైపు ఉన్న సెన్సర్లన్నీ ఊడదీశాను, అయినా సున్నాయే.

వైరింగ్_పంతులు

అయితే మెకానిక్ గారి మాటే నిజం, ఈసారికి. నిర్ధారణ కోసం ఇంకొక్కటి చేయండి. తెల్లవారుజామున, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, తాళం ఆన్ చేసి, ఈసీయూ పెట్టె మీద మాత్రమే హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి కొట్టండి. హీట్ గన్ వద్దు, అది కనెక్టర్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. దీపం ఆరిపోయి, చల్లారాక మళ్లీ వెలిగితే ఇక అనుమానం అక్కర్లేదు.

టంకం_రాజు

అలా తేలితే పెట్టె తెరిచి చూడమనే నా సలహా. ఉబ్బిన కెపాసిటర్లు, చుట్టూ గోధుమ రంగు మరక, కుళ్లిన చేప వాసన, పెద్ద భాగాల కాళ్ల చుట్టూ ఉంగరంలా పగిలిన టంకం కనిపిస్తే ఇంట్లోనే బాగుచేయవచ్చు. లోపల పారదర్శకమైన జెల్ పోసి, వెంట్రుకలంత సన్నని తీగలు కనిపిస్తే మాత్రం ముట్టుకోకుండా మూసేయండి.

గోదావరి_గట్టు

అందరికీ కృతజ్ఞతలు. డ్రయ్యర్ పెట్టిన ఆరో నిమిషంలో దీపం ఆరింది. ఫ్యాను గాలికి పావుగంటలో తిరిగి వెలిగింది. తెరిచి చూస్తే వోల్టేజి రెగ్యులేటర్ కాళ్లలో రెండింటి చుట్టూ, భూతద్దంలో, టంకం పగులు కనిపించింది. టంకం_రాజు గారు క్షమించాలి, బోర్డు మీది వార్నిష్ పూత గీకి కొత్త టంకం వేసినా, నలుగురిని ఎక్కించుకుని హైవే మీద వెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు. విజయవాడ ఆటోనగర్‌లో రెండు నంబర్లూ కలిసినది 6,500 రూపాయలకు దొరికింది. పాతదానిలోని సమాచారం దానిలోకి ఎక్కించినవారు 2,500 తీసుకున్నారు. ఆర్‌సీ, ఆధార్ చూపించమంటే మొదట చిరాకు వేసింది గానీ, దొంగ బండ్లకు తాళాలు మార్చే పని కూడా ఇదే కదా అని తర్వాత తోచింది.

బిగించాక మొదటి పావుగంట ఇంజన్ ఖాళీగా 1,100 ఆర్‌పీఎం దగ్గర తిరిగి, థ్రాటిల్ స్థానం నేర్చుకున్నాక 750కి దిగింది. ఎనిమిది రోజులుగా మధ్యాహ్నాలే నడుపుతున్నాను, ఒక్కసారీ ఆగలేదు. ఈసీయూ బిగించేటప్పుడు ఇంకో సంగతి బయటపడింది: రేడియేటర్ పక్కన దానికి ఉండాల్సిన ప్లాస్టిక్ వేడి కవచం లేదు, రెండు క్లిప్పుల గుర్తులు మాత్రం ఉన్నాయి. రెండేళ్ల క్రితం ముందు భాగానికి డెంటింగ్ చేయించినప్పుడు తీసి, తిరిగి పెట్టినట్టు లేరు. 340 రూపాయలకు కొత్తది తెప్పించి బిగించాను. టంకం వేసిన పాత ఈసీయూను గుడ్డలో చుట్టి డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టుకున్నాను.