గర్భిణి చేతిలో ఫోన్ ఉండాలా, వద్దా?

ఖమ్మం శ్రావ్య:
మా చెల్లెలికి ఐదో నెల. హిమోగ్లోబిన్ 8.4. ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడని ఏదో వీడియోలో చూసి మానేసింది. షీట్లన్నీ బియ్యం డబ్బా వెనక దొరికాయి, మాత్రలు దాదాపు అన్నీ అలాగే ఉన్నాయి. కాన్పు అయ్యేదాకా ఫోన్ తీసేసుకుందామని నేనూ అమ్మా అనుకుంటున్నాం. మీరేమంటారు?

గోదావరి అమ్మాయి:
ఆ పని మాత్రం చేయకండి. నాకు ఏడో నెలలో విపరీతమైన తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. మా అత్తగారు పైత్యం అనుకుని మజ్జిగ ఇచ్చారు. రాత్రి ఫోన్‌లో వెతికితే వెంటనే బీపీ చూపించుకోమని ఉంది. వెళ్తే 160/110! అప్పటికప్పుడు అడ్మిట్ చేశారు. ఆ రాత్రి ఫోన్ లేకపోతే తెల్లారేదాకా పడుకునే ఉండేదాన్ని.

రఘు, వరంగల్:
అలా అని అన్నీ గూగుల్‌నే అడిగితే డాక్టర్ ఎందుకండీ? చెప్పింది వినాలి, అంతే.

గోదావరి అమ్మాయి:
రఘు గారూ, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. అందులో అవసరమైనవీ ఉంటాయి, కాదనను. కానీ కాస్త తెలుసుకోకపోతే "ఆపరేషన్ ఎందుకు మేడమ్?" అని అడగడానికి కూడా నోరు రాదు.

ఏఎన్ఎం అక్క:
శ్రావ్యా, ముందు చెల్లెల్ని కూర్చోబెట్టి అడుగమ్మా, మాత్ర వేసుకుంటే ఏమైందని. ఐరన్‌తో మోషన్ నల్లగా వస్తుంది, మలబద్ధకం, వికారం ఉంటాయి. మేమే హడావుడిలో షీటు చేతిలో పెట్టి పంపేస్తాం, ఇది చెప్పం. నల్లగా కనపడగానే భయపడతారు, ఆ వీడియో నిజమనిపిస్తుంది. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వచ్చేదే, మాత్రతో మారదు. టీతో, పాలతో వేసుకోవద్దు. కాల్షియం మాత్ర వేరే పూట. 8.4 అంటే తక్కువే, డోసు ఎంతో డాక్టర్‌ని అడగండి. ఆ 2019-21 సర్వేలోనే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉందని తేలింది, తను ఒక్కతే కాదు.

ఖమ్మం శ్రావ్య:
అడిగాను అక్కా. మొదట్లో రెండు వేసుకుందట. మోషన్ నల్లగా వచ్చేసరికి హడలిపోయి, ఎవరితో చెప్పాలో తెలియక ఫోన్‌లో వెతికిందట. పక్క గదిలోనే ఉన్నాను నేను. రేపు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. ఫోన్ విషయంలో అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.