‘ప్రావిన్స్ ఆఫ్ ఆల్ మ్యాన్‌కైండ్’: తెలుగులో ఏమనాలి?

అడిగినవారు:
1967 నాటి అంతరిక్ష ఒప్పందాన్ని తెలుగు చేస్తూ మొదటి అధికరణంలోనే రెండు రోజులుగా చిక్కుకుపోయాను. చంద్రుడితోనూ ఇతర ఖగోళాలతోనూ సహా అంతరిక్షాన్ని అన్వేషించడం, వాడుకోవడం అన్ని దేశాల మేలు కోసం జరగాలని చెప్పి, ఆ వెంటనే అవి ‘ప్రావిన్స్ ఆఫ్ ఆల్ మ్యాన్‌కైండ్’ అంటారు. ‘అంతరిక్షం మానవాళి ఉమ్మడి సొత్తు’ అని రాసేశాను. వినడానికి బాగానే ఉంది, మళ్లీ చదివితే ఎక్కడో తేడా కొడుతోంది. మెషీన్‌ని అడిగితే ‘మానవజాతి ప్రావిన్స్’ అని నా మాట నాకే తిప్పికొట్టింది. ఏం రాయమంటారు?

జవాబు:
‘ఉమ్మడి వారసత్వం’ అనేయండి. చాలాచోట్ల అలాగే చదివాను.

జవాబు:
అది వేరే ఒప్పందంలోని మాటండీ. ‘కామన్ హెరిటేజ్’ అన్నది 1979 చంద్ర ఒప్పందం 11వ అధికరణంలో వస్తుంది. అక్కడ వారసత్వం అన్నది చంద్రుణ్నీ, అక్కడి సహజ వనరులనూ. వనరుల లాభం పంచుకునే ఏర్పాటు కూడా ఆ అధికరణంలోనే ఉంది. అమెరికా, రష్యా, చైనా ఏవీ అందులో చేరలేదు. భారత్ 1982లో సంతకం పెట్టింది గానీ ధ్రువీకరించలేదు. 1967 ఒప్పందంలో మాత్రం ఈ నాలుగూ ఉన్నాయి. ఇక్కడ ‘వారసత్వం’ అని రాస్తే, వాళ్లు ఒప్పుకోనిదాన్ని మన అనువాదం ఒప్పించినట్టవుతుంది.

జవాబు:
నా లెక్కలో చిక్కు ‘ప్రావిన్స్’లో కంటే కర్తలో ఉంది. మీ తెలుగు వాక్యంలో కర్త అంతరిక్షం. మూలంలో కర్త అన్వేషించడం, వాడుకోవడం. వాళ్లు పని సంగతి చెబుతుంటే మనం చోటు సంగతి రాస్తున్నాం. తేడా కొడుతున్నది అక్కడే.

చోటు ఎవరిదన్న మాట రెండో అధికరణంలో ఉంది. సార్వభౌమాధికారం ప్రకటించుకొని గానీ, వాడుకొని గానీ, ఆక్రమించి గానీ, మరే విధంగా గానీ ఏ దేశమూ తనది చేసుకోకూడదు. పైగా మన ‘ఉమ్మడి’ ఉందే, అది ఊరికే ఉండే మాట కాదు. ఉమ్మడి ఆస్తి అన్నామంటే వాటాదారులున్నట్టే, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు పంపకాలకు కూర్చోమంటారు. ఇక్కడ ఆ పంపకమే కుదరదంటున్నారు.

ఇంకో సరదా సంగతి. ఈ ఒప్పందానికి ఇంగ్లిష్, రష్యన్, ఫ్రెంచ్, స్పానిష్, చైనీస్ పాఠాలు ఐదూ సమానంగా ప్రామాణికాలు. అయినా ఈ మాట దగ్గర తలో దారీ పట్టారు. రష్యన్‌లో ‘దొస్తొయానియె’, అంటే మన సొత్తు, సంపదలకు దగ్గరే. ఫ్రెంచ్‌లో ‘అపనాజ్’, ఒకప్పుడు రాజుగారి చిన్న కొడుకులకు రాసిచ్చిన జాగీరు. మానవాళి అంతటికీ జాగీరట, ఇక మిగిలిన చిన్న కొడుకెవరో! స్పానిష్‌లో నామవాచకమే లేదు, ‘ఇంకుంబెన్’ అని క్రియ పెట్టారు. అందరికీ సంబంధించినవి, అందరి మీదా ఉన్నవి అని. మనకు దారి చూపించేది అదే అనిపిస్తోంది.

అడిగినవారు:
కర్త మాట నాకు తట్టనే లేదు. మరి ‘సమస్త మానవాళి వ్యవహారం’ అంటే?

జవాబు:
‘వ్యవహారం ముదిరింది’ అనే మనకు అందులో ముందు గొడవ వాసనే తగులుతుంది.

జవాబు:
‘కార్యక్షేత్రం’?

జవాబు:
‘ప్రావిన్స్’కి ఒకరి పరిధి, ఒకరి రంగం అనే అర్థముంది కాబట్టి నిఘంటువు ప్రకారం సరే. కానీ క్షేత్రం అనగానే మళ్లీ చోటులోకే వచ్చి పడ్డాం.

ఎలాగూ మొదలుపెట్టారు కాబట్టి నాలుగో అధికరణం దగ్గరా కాస్త జాగ్రత్త. ‘శాంతియుత ప్రయోజనాలకు మాత్రమే’ అన్న షరతు అక్కడ చంద్రుడికీ, ఇతర ఖగోళాలకే. భూమి చుట్టూ కక్ష్యలో పెట్టకూడదన్నవి అణ్వాయుధాలు, సామూహిక విధ్వంసక ఆయుధాలు. తెలుగులో దాన్ని ‘అంతరిక్షాన్ని శాంతికే వాడాలి’ అని గుండుగుత్తగా చెప్పేస్తుంటారు. అదే మూలంలో ఉంటే సైన్యాల నిఘా ఉపగ్రహాల మీద ఇన్నేళ్లుగా ఇంత వాదన ఎందుకు?

అడిగినవారు:
ఇదిగో, కొత్త వాక్యం: ‘అంతరిక్షాన్ని అన్వేషించడం, వాడుకోవడం ఏ ఒక్కరి పనో కాదు, సమస్త మానవాళిదీ.’

జవాబు:
చివరి ‘దీ’ బాగుంది. ‘మానవాళిది’ అంటే సొంతదారు కనిపిస్తాడు, ‘మానవాళిదీ’ అంటే అందరూ లోపలికొస్తారు. ‘ఏ ఒక్కరి పనో కాదు’ మాత్రం మూలంలో లేదు. అది మీ ఆవేశం.

అడిగినవారు:
తీసేసి, ‘సమస్త మానవాళి పని’ అని పెడితే దీర్ఘం కూడా పోతోంది. ‘ఆ పని సమస్త మానవాళిదీ’ అని పెట్టాను. ఇక రెండో అధికరణం. ‘అప్రోప్రియేషన్’కి స్వాధీనమా, సొంతం చేసుకోవడమా?