గ్రహాంతరవాసితో మొదటి పలకరింపు: అనువాద యంత్రం లేకుండా కథ నడపడం ఎలా?

ప్రశ్న: బ్రాడీపేట పాఠకుడు, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాస్తున్నాను. ఉండవల్లి గుహలున్న కొండ వెనుక ఒక వాహనం దిగుతుంది. అందులోంచి దిగినవారిని మొట్టమొదట చూసేది అక్కడ మేకలు కాసుకునే మంగమ్మ అనే పెద్దావిడ. పోలీసులు, కలెక్టరుగారు, బెంగుళూరు నుంచి శాస్త్రవేత్తలు వచ్చేలోగా ఒక పూట గడుస్తుంది. కథంతా ఆ పూటలోనే జరగాలని నా ఆలోచన.

చిక్కంతా ఇక్కడే ఉంది. నేను చదివిన ఇలాంటి కథల్లో చాలావాటిలో వచ్చినవాడి మెడలో ఒక అనువాద యంత్రం వేలాడుతూ ఉంటుంది. మీట నొక్కగానే అతను తెలుగులో, అందులోనూ పౌరాణిక నాటకాల తెలుగులో, "ఓ మానవులారా" అని అందుకుంటాడు. ఆ క్షణం నుంచి అతనిలో పరాయితనమంటూ ఏమీ మిగలదు. యంత్రం వద్దనుకుంటే గణితమే విశ్వభాష అని శాస్త్రవేత్తలు చెప్పే దారి ఒకటుంది కానీ, మంగమ్మకు ప్రధాన సంఖ్యలతో పని లేదు. అసలు వీరిద్దరి మధ్య మాట ఎక్కడ మొదలవుతుంది?

ఇంకొక సందేహం కూడా ఉంది. వచ్చినవారి భాషను అచ్చులో ఎలా చూపాలి? 2015లో వచ్చిన బాహుబలి మొదటి భాగంలో కాలకేయుల కోసం మదన్ కార్కి కిలికి అనే భాషను కల్పించారు. తెరమీద నటుడి గొంతు, చూపు తోడుగా ఉంటాయి కాబట్టి అర్థం తెలియకపోయినా భయం పుట్టింది. కాగితం మీద రాసేవాడికి ఆ వసతి లేదు.

జవాబు: సత్యనారాయణపురం మాస్టారు, విజయవాడ

నేను భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. గణితం విశ్వభాష అన్న మాటను కొంత తగ్గించి తీసుకోవాలని నా మనవి. 1960లో డచ్ గణితవేత్త హాన్స్ ఫ్రాయిడెంటాల్ రేడియో సంకేతాలతో పంపదగిన లింకోస్ అనే భాషను రూపొందించారు. అది అంకెలతో మొదలై, సమానత్వం, కాలం మీదుగా సాగుతుంది. అయితే "మంచి", "చెడు" అన్నవి నేర్పవలసి వచ్చేసరికి ఆయన ఇద్దరు వ్యక్తులను కల్పించి, ఒకరు ప్రశ్న అడగడం, మరొకరు జవాబు చెప్పడం, ఆ జవాబును మెచ్చుకోవడమో తప్పుపట్టడమో చూపించే చిన్న చిన్న సంభాషణలు రాయవలసి వచ్చింది. అంటే అంకెల దగ్గర మొదలైన మనిషి నాటకం దగ్గరకు చేరక తప్పలేదు.

1974 నవంబరు 16న ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపు నుంచి ఎం13 నక్షత్రగుచ్ఛం వైపు పంపిన సందేశంలో 1679 బిట్లు, అంటే సున్నా, ఒకటి అనే గుర్తులు, ఉన్నాయి. ఆ సంఖ్య 23, 73 అనే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం కాబట్టి, అందుకున్నవారు దానిని 73 వరుసలుగా, 23 నిలువు గళ్ళుగా పేర్చుకుంటే బొమ్మ కనిపిస్తుందని పంపినవారి ఆశ. లెక్క కట్టగలిగినవాడు బొమ్మలు గీసే అలవాటు కూడా ఉన్నవాడై ఉంటాడని అందులో నమ్మకం దాగి ఉంది. అంతకు రెండేళ్ళ ముందు పయనీర్ 10 అనే అమెరికా అంతరిక్ష నౌకకు బిగించిన ఫలకం మీద, ఆ నౌక ఏ గ్రహం నుంచి బయలుదేరి ఎటు వెళ్ళిందో తెలియడానికి ఒక బాణం గుర్తు చెక్కారు. కళాచరిత్రకారుడు గోంబ్రిచ్ దానిని ఆక్షేపించారు. విల్లంబులతో వేటాడిన చరిత్ర లేని జాతికి బాణం గుర్తు "ఇటు" అని ఎందుకు చెప్పాలి? మనం అందరిదీ అనుకున్నది మన అలవాటే అయి ఉండవచ్చు. మంగమ్మ చేసే తొలి సైగలోనే మీరు ఈ సంగతిని చూపించవచ్చు.

జవాబు: తెనాలి వాసి

మాస్టారు చెప్పినదానికి మా వైపు పశువుల సంత మంచి ఉదాహరణ. దళారులు తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి వేళ్ళు మరొకరు పట్టుకొని ధర చెప్పుకుంటారు. రెండు వేళ్ళు నొక్కితే రెండు వేలా, ఇరవై వేలా అన్నది వేళ్ళలో ఉండదు. ఎద్దు పళ్ళు, మూపు, నడక చూసి వచ్చినవాడికి అది ముందే తెలుసు. అంకెను పంచుకోవడం తేలిక, కొలతను పంచుకోవడమే కష్టం.

జవాబు: గవర్నర్‌పేట గ్రంథాలయం మూల

ఒక చిన్న అభ్యంతరం. యంత్రం పెట్టడం నేరమేమీ కాదు. కథ యుద్ధం గురించో, వ్యాపారం గురించో అయితే పది పేజీలు భాష నేర్పుతూ కూర్చోవడం పాఠకుడికి శిక్ష. కథ భాష గురించే అయినప్పుడు మాత్రం యంత్రం కథనే మింగేస్తుంది. మీది రెండో రకం కాబట్టి మీకు వద్దు, అంతే.

జవాబు: పటమట లక్ష్మి

మాటలన్నీ తెలిసిన తరువాత కూడా అపార్థం మిగిలి ఉండే కథలే నాకు ఎక్కువ నచ్చుతాయి. 1969లో ఉర్సులా లెగ్విన్ రాసిన "ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్" నవలలో భూమి నుంచి వెళ్ళిన రాయబారికి అక్కడి భాష బాగానే వచ్చు. అయినా తనకు మేలు కోరుతున్న ప్రధానమంత్రిని చాలాకాలం ద్రోహిగానే భావిస్తాడు. ఎదుటివాడికి సూటిగా సలహా ఇవ్వడం అతని గౌరవానికి భంగమన్నది అక్కడి మర్యాద. ఆ మంత్రి చేసిన హెచ్చరికలన్నీ డొంకతిరుగుడుగా ఉండేసరికి రాయబారికి అవి కుట్రలాగా వినిపించాయి. 1991 నాటి స్టార్ ట్రెక్ ధారావాహికలో "డార్మాక్" అనే భాగం ఇంకొక అడుగు ముందుకు వేసింది. అందులోని జాతి తమ పురాణ ఘట్టాలను ప్రస్తావించడం ద్వారానే మాట్లాడుతుంది. యంత్రం ప్రతి పదాన్నీ అనువదిస్తుంది కానీ కథలు తెలియని వారికి ఒక్క ముక్క కూడా ఎక్కదు. మనం "ఆయనది శల్యసారథ్యం" అన్నప్పుడు భారతం తెలియనివాడికి కలిగే ఇబ్బంది ఇదే. మంగమ్మ మాటల్లో ఇలాంటివి ఎన్నో ఉంటాయి. అవతలివారికి తెలుగు వచ్చేసినా ఆమె అర్థం కాదన్నది మీ కథలో చక్కని మలుపు కాగలదు.

మళ్ళీ బ్రాడీపేట పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు నా ఆలోచన ఇలా ఉంది. వచ్చినవాడు ఒక మేక వైపు తన అవయవమేదో చాపుతాడు. దాని పేరు అడుగుతున్నాడా, ధర అడుగుతున్నాడా, ఆకలిగా ఉందంటున్నాడా అన్నది మంగమ్మకు తెలియదు. ఆమె మేకను వెనక్కి లాక్కుంటుంది. ఆ లాక్కోవడాన్ని అతను ఆ జంతువు పేరుగా తీసుకుంటాడు. ఇది మరీ హాస్యంగా తేలిపోతుందా?

జవాబు: అమరావతి రోడ్డు

తేలిపోదు. 1960లో తత్త్వవేత్త క్వైన్ లేవనెత్తిన ప్రశ్న సరిగ్గా ఇదే. కుందేలు పరుగెడుతుండగా స్థానికుడు ఒక మాట అంటే అది జంతువు పేరా, దాని పరుగా, వేటకు పిలుపా అని ఒక్కసారి విన్నవాడు తేల్చలేడు. పదిసార్లు, పది సందర్భాల్లో వింటూ సరిచూసుకోవాలి. కాబట్టి మీ పూటలో మేక కనీసం మూడు నాలుగుసార్లు రావాలి, ప్రతిసారీ ఇద్దరి ఊహా కొంచెం మారాలి.

నేను చెప్పదలచినది మరొకటి ఉంది. ఇలాంటి కథలు రాయబారులను, శాస్త్రవేత్తలను పట్టించుకున్నంతగా దుబాసీని, అంటే ఇద్దరి మధ్య మాటను అటూ ఇటూ చేరవేసే మనిషిని, పట్టించుకోవు. అమరావతి శిథిలాలను చూసి నమోదు చేసిన ఈస్ట్ ఇండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీకి మన భాషలు రావు. ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు ఊరూరా తిరిగి కైఫియతులు (ఊళ్ళ చరిత్రలు), శాసనాలు సేకరించి, వివరించి చెబితేనే ఆయనకు ఈ దేశం తెలిసింది. ఏది అడగాలో, ఏది చెప్పాలో, ఏది దాటవేయాలో దుబాసీ చేతిలో ఉంటుంది. మధ్యాహ్నానికి మంగమ్మ ఆ స్థానంలోకి వస్తుంది. కలెక్టరుగారు వచ్చి "ఏమంటున్నాడమ్మా?" అని ఆమెను అడగవలసిందే. ఆమె నిజమే చెబుతుందని ఎందుకు అనుకోవాలి? ఆమెకు తన మేకల సంగతి ఉంది, దిగిన చోటు బంజరా పట్టానా అన్న సంగతి ఉంది.

ఇక మీ రెండో సందేహం. వచ్చినవాడి మాటను అక్షరాల్లో పెట్టకండి, అనువదించకండి. మంగమ్మ చెవికి, కంటికి ఏది తగిలిందో అదొక్కటే ఆమె మాటల్లో రాయండి. ఆపైన గ్రామ రెవెన్యూ అధికారి చేత పంచనామా రాయించండి. ఆమె చెప్పిందంతా "సదరు జీవి సదరు మేకను ఉద్దేశించి సైగ చేసినట్లు వాంగ్మూలం ఇచ్చినది" అన్న ధోరణిలోకి మారినప్పుడు, ఒకే పూటలో జరిగిన రెండో అనువాదం పాఠకుడి కళ్ళ ముందే ఉంటుంది. మొదటిదానికంటే ఎక్కువ సంగతి జారిపోయేది అందులోనే.