తెలుగులో టైప్ చేసి ఎంటర్ కొడితే వేరే రైతు పేరు మీద బిల్లు పడుతోంది

పాలకొల్లు_కుర్రాడు:
మా బాబాయి గారికి రొయ్యల మేత షాపు ఉంది, ఆయన కోసం చిన్న బిల్లింగ్ పేజీ రాశాను. రైతు పేరు కొడుతుంటే కింద పేర్లు వస్తాయి, బాణం కీతో దిగి ఎంటర్ కొడితే బిల్లు సేవ్ అవుతుంది. ఇంగ్లీషులో బాగానే ఉంది. తెలుగులోనే గొడవంతా. లాప్‌టాప్‌లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు మాటలు చూపించే కీబోర్డు వాడుతున్నాం, ఆ మాట ఖాయం చేయడానికి ఎంటర్ నొక్కితే అదే ఎంటర్‌ని నా కోడ్ కూడా పట్టేసుకుని లిస్టులో మొదటి పేరు మీద బిల్లు వేసేస్తోంది. నిన్న వీరవాసరం రైతు పట్టుకెళ్లిన పది బస్తాలు ఇంకొకాయన ఖాతాలో పడ్డాయి, బాబాయి గారి తిట్లు ఇక్కడ రాయలేను. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే ఏ అక్షరం కొట్టినా కీకోడ్ (ఏ కీ నొక్కామో చెప్పే నంబరు) 229 అనే వస్తోంది, వెతకడమే లేదు. మొత్తం కీడౌన్‌లోనే (కీ నొక్కగానే వచ్చే ఈవెంట్) రాశాను.

కోనసీమ_కొబ్బరి:
అదే కదా తమ్ముడూ తప్పు. 229 అంటే ఆ కీని కీబోర్డు సాఫ్ట్‌వేర్ తన పనికి తీసుకుంది, అక్షరం ఏంటో ఇంకా తేలలేదు అని. అక్షరాల సంగతి, బాక్సులో మాట మారినప్పుడల్లా వచ్చే ఇన్‌పుట్ ఈవెంట్‌కి వదిలేసి, అక్కడ బాక్సులో ఉన్న మాట మొత్తం చదివి వెతుకు. నోటితో చెప్పినా, మౌస్‌తో పేస్ట్ చేసినా ఆ ఈవెంట్ వస్తుంది, కీడౌన్ రాదు. కీడౌన్‌లో బాణాలు, ఎంటర్, ఎస్కేప్ చాలు. మొదటి లైన్‌లోనే ఈజ్‌కంపోజింగ్ (మాట ఇంకా ఖాయం కాలేదని చెప్పేది) ట్రూ అయితే రిటర్న్ అయిపో, అంటే ఏమీ చేయకుండా బయటికొచ్చెయ్.

గోదారి_గట్టు:
పైన చెప్పింది నిజమే గానీ, అదొక్కటే నమ్ముకుంటే మ్యాక్‌లో మునుగుతావు. అక్కడి సఫారీ బ్రౌజర్‌లో, కనీసం పాత వెర్షన్లలో, కంపోజిషన్‌ఎండ్ (మాట ఖాయమైందని చెప్పే ఈవెంట్) ముందే వచ్చేసి ఆ తర్వాత ఎంటర్ కీడౌన్ వస్తుంది, అప్పటికి ఈజ్‌కంపోజింగ్ ఫాల్స్. అందుకని కీకోడ్ 229 అయినా రిటర్న్ అవ్వాలి. పాత పద్ధతే, వాడొద్దంటారు, నేనైతే వాడుతున్నాను. పేజీ రియాక్ట్ లైబ్రరీతో రాసి ఉంటే ఈజ్‌కంపోజింగ్‌ని నేటివ్‌ఈవెంట్ (బ్రౌజర్ ఇచ్చే అసలు ఈవెంట్) లోపల చూడు.

ఇంకోటి. మొదటి పేరుని దానంతటదే ఎంచుకుని ఎందుకు పెట్టావసలు? బాణం నొక్కితేనే ఎంపిక కావాలి, డబ్బుల వ్యవహారం కదా. పేరుకి మ్యాక్స్‌లెంగ్త్ (ఎన్ని అక్షరాల దాకా కొట్టొచ్చో అనే హద్దు) పెట్టి ఉంటే అదీ చూసుకో, లక్ష్మి కంటికి రెండక్షరాలే, జావాస్క్రిప్ట్ లెక్కలో 7.

పాలకొల్లు_కుర్రాడు:
ఆయ్, రెండూ పెట్టాను, లాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ సరిగ్గా పడుతున్నాయి. మ్యాక్ మా దగ్గర లేదు. మ్యాక్స్‌లెంగ్త్ 20 పెట్టాను, ఇంటిపేరుతో కలిపి కొడితే సగంలో ఆగిపోతోంది, తీసేస్తున్నా. బాబాయి గారు మాత్రం ప్రతి బిల్లూ పుస్తకంలో కూడా రాసుకుంటున్నారు.