అట్లాంటిక్‌లో ఒకే చోట రెండు హరికేన్లు: ఎలా?

ప్రశ్న: తుపాను వెళ్లాక సముద్రం చల్లబడుతుందంటారు కదా. మరి 2020 నవంబర్ 3న ఈటా, 16న ఐయోటా అనే హరికేన్లు (అట్లాంటిక్‌లో పెను తుపాన్లను అలా అంటారు), రెండూ కేటగిరీ 4గా (ఐదింటిలో నాలుగో తీవ్రత స్థాయి) మధ్య అమెరికాలోని నికరాగ్వాలో దాదాపు ఒకేచోట ఎలా తీరం దాటాయి?

జవాబు: చల్లబడేది అడుగు నీళ్లు పైకి కలవడం వల్లండీ. పశ్చిమ కరీబియన్‌లో వెచ్చటి పొర చాలా లోతు. ఎంత చిలికినా పైకొచ్చేదీ వెచ్చటి నీళ్లే. పొర పలచగా ఉన్నచోటైతే వెనకొచ్చే తుపాను నీరసిస్తుంది. కాబట్టి ఉపరితలం వేడి, తుపానుకు కనీసం కావాలనే 26.5 డిగ్రీల సెల్సియస్ దాటిందా అన్నదొక్కటే చూస్తే పొరబడతారు.

జవాబు: దానికి తోడు లా నినా, అంటే పసిఫిక్ మధ్యరేఖ నీళ్లు మామూలుకన్నా చల్లబడటం. దాంతో అట్లాంటిక్‌పై పైగాలుల కోత (ఎత్తుతో గాలి వేగం, దిశ మారడం) తగ్గుతుంది. అది తగ్గితే తుపాను మేఘస్తంభం నిటారుగా నిలుస్తుంది. ఆ ఏడాది సెప్టెంబర్ 14న అట్లాంటిక్‌లో ఒకేసారి ఐదు తుపాను వ్యవస్థలు తిరుగుతున్నాయి! ఆ ఏడాది మొత్తం 30 తుపాన్లకు పేర్లు పెట్టారు. 21 పేర్ల జాబితా చాలక గ్రీకు అక్షరాలకు దిగారు.

జవాబు: ఆ గ్రీకు పద్ధతి 2021లో ఎత్తేశారు, జీటా, ఈటా, థీటా వింటే ఏది ఏదో తెలియదు మరి. ఇప్పుడు అదనపు జాబితా ఉంది. అట్లాంటిక్ పేర్లు ఆరేళ్లకోసారి తిరిగొస్తాయి, మన బంగాళాఖాతంలో వాడిన పేరు మళ్లీ వాడరు.